వియన్నాలో ఇంటర్న్‌షిప్ చేయాలా, బెంగళూరులో చేయాలా అని అడిగినవారికి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ)లో ట్రైనింగ్ సెమిస్టర్ దగ్గరపడింది. బెంగళూరులో పెద్ద ఆఫీసు మంచి స్టైపెండ్ ఇస్తానంటోంది. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పాత భవనాల మరమ్మతు పనులు చూసే చిన్న ఆఫీసు తిండికి, అద్దెకు సరిపడా మాత్రమే ఇస్తానంటోంది. ఇంట్లోవాళ్లేమో "ఊళ్లు చూడటానికి అంత దూరం ఎందుకు, ఉద్యోగం వచ్చాక వెళ్లొచ్చు" అంటున్నారు. సరిగ్గా ఇదే పరిస్థితిలో నేను 2017లో వియన్నా వెళ్లాను. మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు ఉన్నాను. మిమ్మల్ని కూడా వెళ్లమనే చెబుతాను.

రెజ్యూమెలో యూరప్ పేరు కోసమైతే వెళ్లకండి. దాని వల్ల నాకు ఒకటి రెండు ఇంటర్వ్యూల్లో మాట కలిసింది తప్ప పెద్దగా ఒరిగిందేమీ లేదు. ఊరు చూడటానికైతే మీ ఇంట్లోవాళ్లు అన్నది నిజమే, నాలుగు రోజుల టూరు చాలు. నేను వెళ్లమనడానికి కారణం వేరు. అలాంటి ఊళ్లో బొమ్మలు, సంగీతం, పాత కట్టడాలు అనేవి ఆదివారం సరదాలు కావు. రోజువారీ పనిలోకి, గొడవల్లోకి, మధ్యాహ్న భోజనం దగ్గర మాటల్లోకి వచ్చేస్తాయి. అది మన కాలేజీలో నాకు ఎవరూ నేర్పలేదు. అక్కడ కూడా ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, ఆఫీసుకు వెళ్లి వస్తుంటే అదే వంటబట్టింది.

ఒక ఉదాహరణ చెబుతాను. నేనున్నప్పుడు ఊరంతా ఒకటే చర్చ. హోయ్‌మార్క్ట్ అనే చోట, ఐస్ స్కేటింగ్ మైదానం పక్కన, 66 మీటర్ల టవర్ కట్టాలని ప్రతిపాదన వచ్చింది. వియన్నా పాత నగరం 2001 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. టవర్ కడితే ఆ హోదాకు ముప్పు అని ఒక వర్గం, ఊరు బతికుండాలంటే కొత్తవి కట్టాల్సిందే అని ఇంకో వర్గం. మా ఆఫీసులోనూ రెండు వర్గాలే. నేను ఏమీ అర్థంకాక వింటూ ఉంటే మా సీనియర్ ఆర్కిటెక్ట్ "గురువారం సాయంత్రం మ్యూజియానికి వెళ్లి బెల్లోట్టో బొమ్మ చూసి రా, అప్పుడు మాట్లాడుకుందాం" అంది.

వెళ్లాను. కున్‌స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియం గురువారాలు రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది. బెర్నార్డో బెల్లోట్టో అనే చిత్రకారుడు సుమారు 1760లో బెల్వెడేర్ భవనం పైనుంచి కనిపించే వియన్నాను గీశాడు. ముందు తోట, ఎడమవైపు కార్ల్స్‌కిర్షె గుమ్మటం, కుడివైపు ఇంకో చర్చి గుమ్మటం, మధ్యలో దూరంగా సెయింట్ స్టీఫెన్స్ గోపురం. శనివారం బెల్వెడేర్‌కు వెళ్లి అదే వైపు నిలబడితే, ఇరవై ముప్పై ఏళ్లు కాదు, రెండున్నర శతాబ్దాలు దాటినా ఆ గుమ్మటాలు, ఆ గోపురం అదే వరసలో కనిపించాయి. కొత్త టవర్ పడేది ఆ చూపులోనే. అంటే మ్యూజియంలో గోడకు వేలాడే ఒక బొమ్మ నగర ప్రణాళిక వివాదంలో సాక్ష్యంగా నిలబడింది. ఆ జులైలో యునెస్కో వియన్నాను ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. ఆ వార్త వచ్చిన రోజు ఆఫీసులో ఎవరి మొహాలు ఎలా ఉన్నాయో నాకు ఇప్పటికీ గుర్తే. టవర్ కావాలన్న కుర్రవాళ్లు కూడా ఆ రోజు ఎక్కువ మాట్లాడలేదు. బొమ్మను చూడటం వేరు, ఆ బొమ్మ వల్ల ఏది కట్టాలో ఏది కట్టకూడదో తేల్చుకునే జనం మధ్య పనిచేయడం వేరు. బెంగళూరు ఆఫీసులో మీరు చాలా నేర్చుకుంటారు, కాదనను. ఇది మాత్రం అక్కడ దొరకదు.

ఇక పని విషయం. నాకు మొదట అప్పగించింది చాలా చిన్న పని. 1880ల నాటి ఒక అపార్ట్‌మెంట్ భవనంలో కిటికీలు కొలవడం. వియన్నా పాత ఇళ్లలో కిటికీలు రెండు వరసలుగా ఉంటాయి, బయట ఒక జత రెక్కలు, లోపల ఒక జత, మధ్యలో జానెడు ఖాళీ. చలికి ఆ ఖాళీయే దుప్పటి. వాటిని పీకేసి ప్లాస్టిక్ కిటికీలు పెట్టకుండా బాగుచేయడం మా ఆఫీసు పని. అద్దం చుట్టూ పెట్టే లప్పం కూడా డబ్బాలో కొన్నది కాదు. సుద్దపొడిలో అవిసె నూనె పోసి చపాతీ పిండిలా పిసికి చేసేవారు. ఆ నూనె వాసన నా జీన్స్‌కు అంటుకుని ఎన్ని ఉతుకులైనా పోలేదు.

అక్కడ రంగుల పని చూసే ఒక పెద్దావిడ ఉండేది, అరవై దాటి ఉంటుంది. కిటికీ చట్రం మీద తపాలా బిళ్లంత చోటు ఎంచుకుని, సర్జికల్ బ్లేడుతో పెయింటును ఒక్కో పొరా గీస్తూ, మెట్లు దిగినట్టు కనిపించేలా తీసింది. పైన తెలుపు, దాని కింద మరో తెలుపు, తర్వాత పాలిపోయిన ఆకుపచ్చ, ఆ కింద గోధుమ రంగులు, చివరికి చెక్క. మొత్తం తొమ్మిది పొరలు. ఒక్కోదాని పక్కన పెన్సిల్‌తో అంకె వేసింది. తర్వాత బ్లేడు నా చేతికిచ్చి పక్క కిటికీ చూపించింది. నాకు పూటంతా పట్టింది, ఐదో పొర దగ్గర చెయ్యి జారి చెక్కదాకా పోయింది. ఏమీ అనలేదు. "ఇంకో చోట మొదలుపెట్టు" అంది, అంతే.

పని చేస్తూ చేస్తూ "మీ ఊళ్లో పాత గోడలకు సున్నం ఎలా కలుపుతారు" అని అడిగింది. డంగు సున్నంలో, అంటే గానుగలో తిప్పి నూరిన సున్నంలో, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోస్తారని చెప్పాను. ఆవిడ బ్లేడు కింద పెట్టేసి, కరక్కాయ ఎన్ని రోజులు నానాలి, ఎంత సున్నానికి ఎంత బెల్లం, డంగు ఎన్ని రోజులు తిప్పుతారు అని వరసగా అడిగింది. నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. 1591 నాటి చార్మినార్ గచ్చుపని మీద పరీక్షలో రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. మా అమ్మమ్మ ఇల్లు కట్టింది కూడా డంగు సున్నంతోనే. ఆ రాత్రి గదికి వెళ్లి అమ్మకు ఫోన్ చేసి, ఊళ్లో పాత మేస్త్రీ ఇంకా ఉన్నాడా అని అడిగాను. ఉన్నాడు. సెప్టెంబరులో వచ్చాక తెనాలి దగ్గర ఆ ఊరికి వెళ్లి, మూడు రోజులు ఆయన అరుగు మీద కూర్చుని అన్నీ రాసుకున్నాను. అమ్మమ్మ ఇంటి దర్వాజా మీద కూడా బ్లేడుతో పొరలు తీశాను. ఐదో పొర నీలం. తాతయ్య పెళ్లప్పుడు వేయించిన రంగట, అమ్మమ్మ చూసి చాలాసేపు అక్కడే నిలబడింది. నేను ఇప్పుడు చేస్తున్న పనికి మొదలు అదే.

మా ఆఫీసు నుంచి పది నిమిషాలు నడిస్తే మిఖాయెలర్‌ప్లాట్స్. నేను పెరుగన్నం డబ్బా పట్టుకుని అక్కడికి వెళ్లేదాన్ని. కూడలి మధ్యలో నేల తవ్వి రోమన్ కాలపు ఇళ్ల గోడలు కనబడేలా వదిలేశారు. ఒకవైపు 1893లో పూర్తయిన రాజభవనం ముఖద్వారం, శిల్పాలతో నిండిపోయి ఉంటుంది. సరిగ్గా దానికి ఎదురుగా ఆర్కిటెక్ట్ అడాల్ఫ్ లోస్ 1911లో పూర్తిచేసిన భవనం, పై అంతస్తుల కిటికీల చుట్టూ ఒక్క గీత అలంకారం ఉండదు. అప్పట్లో జనం దాన్ని "కనుబొమ్మల్లేని ఇల్లు" అని వెక్కిరించారు, నగరపాలకులు పని ఆపించారు. చివరికి కిటికీల కింద పూలతొట్లు పెట్టడంతో రాజీ కుదిరింది. ఆ తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆర్కిటెక్చర్ చరిత్రలో ఒక సెమిస్టర్ పాఠం ఒక్క బెంచీ మీద కూర్చుని చూడొచ్చు.

సాయంత్రాలు ఖర్చు అవుతాయేమోనని మీరు భయపడక్కర్లేదు. మ్యూజియం వార్షిక టికెట్టు తీసుకుంటే మూడు నాలుగు సార్లు వెళ్లేసరికి గిట్టుబాటు అయిపోతుంది. టూరిస్టు మొత్తం చూడాలని గది గదికీ పరుగెడతాడు. ఊళ్లో ఉండేవాళ్లు ఒక్క బొమ్మ కోసం వెళ్లి వచ్చేయొచ్చు. నేను పాతకాలపు చిత్రకారుడు బ్రూగెల్ 1565లో గీసిన మంచులో వేటగాళ్ల బొమ్మ ముందు ఎన్ని గురువారాలు నిలబడ్డానో లెక్కలేదు. మొదటిసారి వేటగాళ్లు, కుక్కలు, మంచు కనిపించాయి. తర్వాతెప్పుడో వాళ్ల భుజాన ఉన్నది ఒక్క నక్కే అని చూశాను. ఇంకోసారి సత్రం బోర్డు ఒక వైపు కొక్కెం ఊడి వేలాడటం, మరోసారి కుడివైపు వంతెన మీద కట్టెలమోపుతో వెళ్తున్న మనిషి, చాలా రోజుల తర్వాత దూరంగా ఒక ఇంటి పొగగొట్టానికి నిప్పంటుకుంటే నిచ్చెన వేసి ఎక్కుతున్నవాళ్లు. మరమ్మతు పనికి కావాల్సిన చూపు అదే.

వేసవిలో చాలావరకు ఉచితమే. మే చివర్లో గానీ జూన్‌లో గానీ షోన్‌బ్రున్ రాజభవనం తోటలో వియన్నా ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా కచేరీ, జులై ఆగస్టుల్లో టౌన్ హాల్ ముందు పెద్ద తెర మీద ఒపేరాలు (పాటలతో నడిచే నాటకాలు), కచేరీలు.

రాజభవనాలు మాత్రమే చూసి రాకండి. ట్రామ్ ఎక్కి కార్ల్ మార్క్స్ హోఫ్‌కు వెళ్లండి. 1927 నుంచి 1930 మధ్య నగరపాలక సంస్థ కూలీలు, చిన్న ఉద్యోగుల కోసం కట్టించింది. కిలోమీటరుకు పైగా పొడవు, 1,382 ఇళ్లు. స్థలంలో ఎక్కువ భాగం తోటలకే వదిలేసి, పిల్లల బడులు, లైబ్రరీ, అందరికీ కలిపి బట్టలుతికే చోట్లు కట్టారు. 1934 ఫిబ్రవరిలో అంతర్యుద్ధం వచ్చినప్పుడు సైన్యం దాని మీద ఫిరంగులు పేల్చింది. ఇప్పుడూ అది నగరం అద్దెకిచ్చే ఇళ్లే, బాల్కనీల్లో జెరేనియం కుండీలు, ఆరేసిన టవళ్లు. పాత ఉతుకుడు శాలలో ఒకదాన్ని చిన్న మ్యూజియంగా మార్చారు. మా ఆఫీసు డ్రాఫ్ట్స్‌మన్ అలాంటి నగరపాలక ఇంట్లోనే పుట్టి పెరిగాడు. ఆ మాట ఎంత గర్వంగా చెప్పేవాడో. మామూలు మనిషి ఇల్లు కూడా కాపాడుకోవాల్సిన వారసత్వమే అని నాకు అక్కడ మొదటిసారి అనిపించింది.

కష్టాలు ఉన్నాయి, దాచను. మొదటి ఆదివారం షాపులన్నీ మూసి ఉంటాయని తెలియక రోజంతా బిస్కెట్లతో గడిపాను. పెద్ద రైల్వే స్టేషన్లలో సూపర్‌మార్కెట్లు తెరిచి ఉంటాయని ఆ తర్వాత తెలిసింది. ఆఫీసులో ఇంగ్లిష్ నడుస్తుంది కానీ మేస్త్రీలతో, ఇంటివాళ్లతో జర్మన్ కావాలి. మొదటి మెట్టు అయిన ఏ1 స్థాయి అయినా నేర్చుకుని వెళ్లండి. మధ్యాహ్నం పూట మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్లూ "మాల్‌ట్సైట్" అంటారు, భోజనం వేళ పలకరింపు అది. మన "భోజనమైందా" లాంటిదని తెలిశాక నేనూ అనడం మొదలుపెట్టాను, అప్పటినుంచి పైఅంతస్తువాళ్లు నాతో మాట్లాడటం మొదలైంది. ఏప్రిల్‌లో రెండు వారాలు మాత్రం బాగా ఒంటరిగా అనిపించింది. ఉగాది పోయిందన్న సంగతి ఫోన్‌లో ఫొటోలు చూసి గుర్తొచ్చింది. అలాంటప్పుడు నాష్‌మార్క్ట్ అనే బజారు వైపు వెళ్లి మన సరుకులు అమ్మే కొట్టు నుంచి కందిపప్పు, చింతపండు తెచ్చుకుని చారు పెట్టుకునేదాన్ని.

డబ్బు లెక్క: నాకు నెలకు 800 యూరోలు ఇచ్చారు, షేరింగ్ ఫ్లాట్‌లో గదికి 380 పోయేది. వండుకుంటే మిగతాది సరిపోయింది. ఇప్పుడు అద్దెలు పెరిగాయి కాబట్టి మీ ఆఫీసు ఇచ్చే మొత్తాన్ని ఇప్పటి అద్దెతో పోల్చి చూసుకోండి. అసలేమీ ఇవ్వనంటే మాత్రం వెళ్లకండి, అప్పు చేసి అసలు వద్దు. తొంభై రోజులు దాటి ఆరు నెలల్లోపు అయితే డి వీసా కావాలి, కాగితాలు ముందే మొదలుపెట్టండి. ఇంట్లో దిగిన మూడు రోజుల్లోపు చిరునామా నమోదు చేయించుకోవాలి, అది మర్చిపోవద్దు.

ఒప్పుకునే ముందు ఆ ఆఫీసుకు ఒక మెయిల్ రాయండి. వారంలో ఎన్ని రోజులు సైట్‌కు తీసుకెళ్తారు, ఎవరి కింద పనిచేయాలి, ఇంతకు ముందు చేసిన ఇంటర్న్‌తో మాట్లాడొచ్చా అని అడగండి. నా క్లాస్‌మేట్ వేరే దేశంలో ఇంకో గొప్ప ఊరికి వెళ్లి ఐదు నెలలూ కంప్యూటర్ ముందే రెండరింగ్‌లు (కట్టబోయే భవనాల బొమ్మలు) చేసి వచ్చింది. ఊరు గొప్పదైనా ఆఫీసు నాలుగు గోడల్లోనే ఉంచితే బెంగళూరే నయం. సైట్ పని ఉందంటే మాత్రం రెండో ఆలోచన పెట్టుకోకండి.

ఇంకొకటి, ఒపేరా గురించి. స్టేట్ ఒపేరాలో నిలబడి చూసే టికెట్టు నేనున్నప్పుడు మూడు నాలుగు యూరోలు. తర్వాత పెంచారు, అయినా కూర్చునే టికెట్టుతో పోలిస్తే చాలా తక్కువే. 1945 మార్చిలో ఆ ఒపేరా భవనం మీద బాంబులు పడి ప్రేక్షకుల హాలు కాలిపోయింది, ముందువైపు భాగం, పెద్ద మెట్లు మిగిలాయి. 1955 నవంబరులో మళ్లీ తెరిచారు. 1869 నాటి భాగం ఎక్కడ ఆగి కొత్తది ఎక్కడ మొదలైందో విరామంలో తిరిగి వెతకండి, నేను ప్రతిసారీ అదే చేసేదాన్ని. మొదటిసారి సంగీతం నాకు ఎక్కలేదు, మూడోసారికి ఎక్కింది. నేనున్నప్పుడు లోపలికి వెళ్లగానే మన చోటు ముందున్న కమ్మీకి ఒక స్కార్ఫ్ కట్టేసేవాళ్లం. మన ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టే, అది కట్టి ఉంటే అక్కడ ఇంకెవరూ నిలబడేవారు కాదు. నేను అమ్మ ఇచ్చిన మంగళగిరి చున్నీ కట్టేదాన్ని.