జనం అరుపులకి సర్వ్ తప్పుతుంటే

టెన్నిస్ ప్రాక్టీసులో బాగా ఆడే మీ అమ్మాయి భీమవరం ఫైనల్లో జనం అరిచేసరికి వరసగా డబుల్ ఫాల్టులు (రెండు సర్వులూ తప్పి పాయింటు పోగొట్టుకోవడం) చేసిందని రాశారు కదండీ. కాకినాడలో మావాడికీ ఇలాగే అయ్యింది. టెన్షన్‌కి ఊపిరి బిగబట్టేస్తారు, భుజం పట్టేస్తుంది, బంతి ఎగరేసే చెయ్యి తొందరపడుతుంది.

పాయింట్ల మధ్య ఉండే 25 సెకన్లూ వాడుకోమనండి. వెనక్కి తిరిగి, రాకెట్ తీగల మీదే చూపు నిలిపి, నెమ్మదిగా ఊపిరి వదలాలి. తర్వాత బంతిని ఎప్పుడూ ఒకే లెక్కన నేలకి కొట్టాలి. మావాడు నాలుగుసార్లు కొడతాడు.

2019 వింబుల్డన్ ఫైనల్లో జనం ప్రత్యర్థి రోజర్ ఫెదరర్ కోసం "రోజర్" అని అరుస్తుంటే తనకి "నొవాక్" అని తన పేరే వినిపించేదని నొవాక్ జకోవిచ్ చెప్పాడు. ఒక్కటి పోయినా మ్యాచ్ పోయే రెండు మ్యాచ్ పాయింట్లు కాచుకుని గెలిచాడు. అదే మనిషి 2021 యూఎస్ ఓపెన్ ఫైనల్లో జనం అభిమానానికి టవల్ మాటున ఏడ్చి, ఓడిపోయాడు. అందుకే మీరు కూడా బయటినుంచి "కొట్టమ్మా" అనకండి, అదీ బరువే.

మేము కాలవగట్టు పక్క కోర్టు చుట్టూ వీధి పిల్లల్ని నిలబెట్టి, కావాలని గోల చేయించి, 30-40 నుంచి, అంటే ఇంకో పాయింటు పోతే సర్వ్ చేసేవాడు ఆ గేమ్ ఓడిపోయే స్కోరు నుంచి, ఆడించాం. మూడో ఆదివారానికి చెయ్యి వదులైంది.