వైట్నర్ రాయడమా, పూయడమా?

సందేహం: ‘తప్పు పడితే వైట్నర్ రాసి, దానిమీద మళ్లీ రాశాను’ అన్నాడు మా అబ్బాయి. ఒకే వాక్యంలో ఇలా రెండుసార్లు ‘రాయడం’ తప్పు కాదా? వైట్నర్‌కు మంచి తెలుగు మాట ఉందా? దరఖాస్తుల్లో ‘దిద్దుబాట్లు, కొట్టివేతలు చెల్లవు’ అంటారు కదా, వైట్నర్ వీటిలో దేని కిందికి వస్తుంది? – ఒక ఉపాధ్యాయిని

సమాధానం: మీ అబ్బాయి మాటలో తప్పు లేదు. అక్కడ ఉన్నవి రెండు వేర్వేరు క్రియలు. మందు రాయడం, నూనె రాయడం అన్నప్పటి ‘రాయు’కు రాపిడి, రాచుకొను అనేవి చుట్టాలు. అక్షరాలకు వాడేది ‘వ్రాయు’. దాని వకారం వాడుకలో జారిపోయి, రెండూ ఒకే రూపంలోకి వచ్చాయి. ‘వైట్నర్ రాసి మళ్లీ వ్రాశాను’ అని పాత పద్ధతిలో చూస్తే తికమక ఉండదు. అయినా చెవికి ఎబ్బెట్టుగా ఉంటే ‘పూసి’ అనండి.

పేరు సంగతికి వస్తే, వైట్నర్‌ను వైట్నర్ అనే అనండి. ‘శ్వేతలేపనం’ అని అడిగితే దుకాణదారు ముఖానికి రాసుకునే క్రీము తీసి ఇస్తాడు. దీన్ని తయారుచేసి అమ్మిన అమెరికా టైపిస్టు బెట్టీ నెస్మిత్ గ్రాహం కూడా 1956లో ‘మిస్టేక్ అవుట్’ అని మొదలుపెట్టి, తరవాత ‘లిక్విడ్ పేపర్’కు మారారు. సీసా పేరుతో మనకు పేచీ ఎందుకు?

మీ మూడో ప్రశ్నే అసలైనది. దిద్దడం అంటే ఉన్న అక్షరాన్నే సరిచేయడం. ఓనమాలు దిద్దడమైనా, 3ను 8గా దిద్దడమైనా ఉన్నదాని మీదే చెయ్యి నడుస్తుంది. కొట్టివేతలో అడ్డంగా గీత పడుతుంది కానీ కింది మాట చదవడానికి వీలుగానే ఉంటుంది. ఏది తీసేశారో దాచదు కనుక కాగితాలకు అదే నమ్మకమైన పద్ధతి. రబ్బరుతోనో బ్లేడుతోనో అక్షరాన్ని పోగొడితే అది తుడుపు, చెరుపు. వైట్నర్ వీటిలో ఏదీ చేయదు. అక్షరం ఉన్నచోటే ఉంటుంది, దానిమీద టైటానియం డయాక్సైడ్ అనే తెల్లరంగు పూత పడుతుంది. కప్పిపుచ్చడం అనే మాట ఇంత అక్షరాలా సరిపోయే చోటు మరొకటి దొరకదు! అయితే కింద ఏముందో చదవలేము కనుక, ఆచరణలో దాన్ని తుడుపుల పద్దులో వేయడమే సబబు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ వరుసల నడుమ చేర్పులు, ఖాళీలు, తుడుపులు, మార్పులు అని విడివిడిగా చెబుతుంది. వాటి దగ్గర రాసిచ్చినవారి సంతకమో పొడి అక్షరాలో లేకపోతే దస్తావేజును అధికారి తిరస్కరించవచ్చు.

పూత పూసి తప్పును కప్పడం కొత్తదేమీ కాదు. పూర్వం ఉత్తరాదిన కాగితపు రాతప్రతుల్లో తప్పులమీద హరిదళం అనే ఖనిజపు రంగు పూసేవారు. పసుపుపచ్చని ఆ పూత వల్లే హిందీలో ‘హర్‌తాల్ (హరిదళం) ఫేర్‌నా’ అంటే చేసినదంతా పాడుచేయడం అనే అర్థం వచ్చింది. మన తాళపత్రాల మీద ఆ కిటుకు సాగదు. గంటం ఆకును గీరి గాడి చేస్తుంది, గాడిని పూత పూడ్చలేదు. అందుకే లేఖకులు తప్పును కొట్టివేసేవారు. వదిలేసిన అక్షరాన్ని చేర్చడానికి హంసపాదు పెట్టేవారు. హంసపాదును కొట్టివేత గుర్తుగా చెప్పేవారిని అప్పుడప్పుడు చూస్తుంటాను. అది చేర్పుకే గుర్తు.

మీ బడిలో నోటీసు పెట్టాల్సి వస్తే ‘దిద్దుబాట్లు చెల్లవు’ అని ఊరుకోకండి. పిల్లలు ‘మేము దిద్దలేదు, పూశాము’ అంటే వ్యాకరణం వాళ్లవైపే ఉంటుంది. ‘కొట్టివేసినచోట పక్కన సంతకం చేయాలి. వైట్నర్ పూసిన కాగితాలు తీసుకోము’ అని రాయండి. ‘తీసుకోబడవు’ అని మాత్రం వద్దు. దానికి వైట్నర్ పూసినా నేను అభ్యంతరం చెప్పను.