పాత సభ్యత్వ పత్రాలు సేకరించబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అమెరికా విప్లవ యోధుల వారసుల సంఘాలు ఇచ్చిన పాత సభ్యత్వ పత్రాలను సేకరించాలని ఉందనీ, మొదటగా సొసైటీ ఆఫ్ ది సిన్సినాటి పత్రమొకటి చూసిపెట్టుకున్నావనీ రాశావు. ఇప్పుడే దాని జోలికి పోవద్దు. 1783లో విప్లవ సైన్యాధికారులు స్థాపించిన ఆ సంఘానికి జార్జ్ వాషింగ్టన్ తొలి అధ్యక్షుడు, హెన్రీ నాక్స్ తొలి కార్యదర్శి. తర్వాత వాషింగ్టన్ నగరానికి నమూనా గీసిన పియేర్ లాన్‌ఫాన్ ఊహించిన రూపాన్ని రాగి రేకుపై చెక్కించి, పార్చ్‌మెంట్ అనే, సాగదీసి ఆరబెట్టిన పలచని జంతుచర్మంపై అచ్చువేసిన ఆ తొలినాటి పత్రాల మీద ఆ ఇద్దరి సంతకాలూ ఉంటాయి కనుక వాటి ధర మనబోటివారికి అందదు. అందేంత చవకగా దొరికినది చాలావరకు నకలే. ముప్ఫయ్యేళ్ల క్రితం నేనూ ఒక దుకాణంలో అలాంటిదే మురిసిపోయి కొన్నాను. ఇంటికి తెచ్చి భూతద్దం పెడితే వాషింగ్టన్ సంతకం చుక్కలు చుక్కలుగా విడిపోయింది, అంటే అది కలంతో పెట్టినది కాదు, అచ్చువేసినది. చుక్కలు లేనంతమాత్రాన అసలుదని నమ్మకు, రాతి అచ్చు (లిథోగ్రఫీ) నకళ్లలో అవి ఉండవు. కలం గీతలో సిరా ఒకచోట చిక్కగా, మరొకచోట పలచగా పారిందేమో చూడు.

నీవు మొదలుపెట్టవలసినది 1890లో ఏర్పడిన, విప్లవ యోధుల వారసురాళ్ల సంఘమైన డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్ పత్రాలతో. వాటిమీద ఉండే జాతీయ సంఖ్యే, అంటే సంఘం ఒక్కో సభ్యురాలికి వరుసగా ఇచ్చిన సంఖ్యే, అసలు తాళంచెవి. ఆ సంఘం తన తొలి సభ్యుల వంశక్రమాన్ని, సంపుటానికి వేయిమంది చొప్పున, 166 సంపుటాలుగా అచ్చువేసింది. కాబట్టి సంఖ్య 45,312 అయితే 46వ సంపుటం తెరవాలి. సభ్యురాలు ఎక్కడ పుట్టింది, ఎవరి భార్య, యుద్ధంలో పనిచేసిన పూర్వీకుడెవరు అన్నవి అందులో దొరుకుతాయి. పేరూ సంఖ్యా పొసగకపోతే, చట్రం ఎంత అందంగా ఉన్నా వదిలేయ్. పొసగినా ఆ వంశక్రమమంతా నిజమని రాసిపెట్టుకోకు. తొలిరోజుల్లో రుజువులు ఇప్పటంత గట్టిగా అడగలేదు. మన ఇళ్ల వంశవృక్షాల్లో మాత్రం అతుకులు లేవా?

నా దృష్టిలో పత్రం కంటే దానితోపాటు వచ్చేదే విలువైనది. దరఖాస్తు ప్రతి, స్థానిక శాఖ ఉత్తరాలు, కవరు ఒకే ఇంటివైతే అన్నీ కలిపి అడుగు, విడదీసి అమ్మనివ్వకు. ఎవరి ఇంటినుంచి వచ్చాయో తెలిస్తే వెంటనే పెన్సిలుతో వేరే కాగితం మీద రాసిపెట్టు, పత్రం వెనుక కాదు.

భద్రపరచడానికి పెద్ద విద్య అక్కర్లేదు: ఆమ్లం లేని అట్ట, ఎండ తగలని గోడ, లామినేషన్‌కు ఆమడ దూరం. తోలు పత్రం చుట్టుకుపోయి ఉంటే ఇస్త్రీ చేయకు, బలవంతంగా సాగదీయకు. ఆ పని తెలిసినవారికి ఇవ్వు.

సిన్సినాటి పత్రం అమ్ముతున్నవాడిని మాత్రం, సంతకాన్ని బాగా దగ్గరగా తీసిన ఫొటో పంపమను. పంపితే నాకు చూపించు. పంపకపోతే ఆ సంగతి నాకు రాయనక్కర కూడా లేదు.

ఇట్లు,
మామయ్య