ఘంటసాల, బాలు పోయాక తెలుగు సినిమా పాట నిజంగా మారిందా, లేక పాతవాళ్లకే అలా అనిపిస్తోందా?

మారింది. కాకపోతే రెండుసార్లూ ఒకేలా మారలేదు. అందుకు కారణం గొంతుల్లో కంటే రికార్డింగు పద్ధతిలో ఉంది.

1974 ఫిబ్రవరి 11న ఘంటసాల పోయేనాటికి మద్రాసు రికార్డింగు థియేటర్లలో గాయకుడూ వాద్యబృందమూ చాలామటుకు కలిసే టేకు ఇచ్చేవారు. చివరి చరణంలో శ్రుతి జారినా, ఒక వయొలిన్ తడబడినా అందరూ మళ్లీ మొదటికి రావాల్సిందే. కాల్షీటు, అంటే బుక్ చేసుకున్న సమయం, దాటితే డబ్బు నిర్మాత జేబులోంచే పోయేది. అలాంటప్పుడు నమ్మకమైన గొంతు ఒకటుంటే వదులుకునేవాడెవడు? ఆయన స్థానం ఎవరిదన్నది తేలడానికి మూడేళ్లు పట్టింది. అక్కినేనికీ శోభన్‌బాబుకీ గాయకుడు వి. రామకృష్ణ అప్పటికే పాడుతున్నారు. 1976లో 'ఆరాధన'లో ఎన్టీఆర్‌కి మహమ్మద్ రఫీ చేత పాడించారు. 1977లో ఎన్టీఆర్‌కి బాలు పాడిన 'అడవి రాముడు' వచ్చాక ఇక చర్చ లేదు. బాలు ఘంటసాలను అనుకరించి గెలవలేదు. ఎన్టీఆర్‌కి బరువుగా, అక్కినేనికి కాస్త సన్నగా, హీరోని బట్టి గొంతు మార్చి గెలిచారు.

ఘంటసాల విషయంలో మనం చేసిన అన్యాయం ఇంకొకటుంది. ఆయన చివరి రోజుల్లో పాడిన భగవద్గీతను చావుపాట చేసి కూర్చున్నాం. పొద్దున్నే ఇంట్లో పెడితే పక్కింటివాళ్లు కంగారుగా తలుపు కొడతారు.

2020 సెప్టెంబర్ 25న చెన్నైలో బాలు పోయేసరికి ఆ ఒక్క గొంతు అవసరమే పోయింది. ఇప్పుడు ముందు ఒకరు ట్రాకు, అంటే నమూనాగా పాట, పాడతారు. అసలు గాయకుడు తర్వాతెప్పుడో, వేరే ఊళ్లో, లైను లైనుగా పాడతాడు. బాగున్న ముక్కలు అతికి, శ్రుతి సరిచేస్తారు. అందుకే వారసుడు రాలేదు, రాడు కూడా. ప్రతిభ లేక కాదు. 1996 నుంచి 'పాడుతా తీయగా'లో ఆయనే ఎంతమందిని తీర్చిదిద్దారో చూశాం.

ఈ అతుకుల పద్ధతిలో ముందు చెడేది ఊపిరి. రెండు లైన్ల మధ్య శ్వాస కత్తిరిస్తే మాట మీద మాట ఎక్కుతుంది. తర్వాత ళ, ణ పోతాయి, సాహిత్యం ఇంగ్లీషు అక్షరాల్లో చూసి పాడటం వల్ల. బాలు ఏ భాష పాటైనా తెలుగులో సొంత చేత్తో రాసుకునేవారు. చెన్నైలో బాలు సంస్మరణ సభల్లో పాడేవాళ్లూ అదే చెయ్యండి: చేత్తో రాసుకుని, ఊపిరి తీసే చోట గీత పెట్టుకోండి. ఆయన శ్రుతిలోనే పాడాలన్న పంతం వద్దు, పై షడ్జమం (పై స్థాయి 'స') దగ్గర గొంతు చీలుతుంది. అలాగని కరోకే ట్రాకు (గొంతు లేని వాద్యాల రికార్డు) శ్రుతిని మరీ దించకండి. ఒక స్వరస్థానం (కీబోర్డు మీద పక్క మెట్టు), మహా అయితే రెండు. అంతకు మించితే వేణువు బొంగురుపోతుంది, డ్రమ్స్ డొల్లగా మోగుతాయి. కీబోర్డు వాయించేవారితో కొత్త ట్రాకు చేయించుకోవడమే మేలు.

ఇక ఏఐ. 2024లో తమిళ సినిమా 'లాల్ సలామ్' కోసం రెహమాన్ దివంగత గాయకులు షాహుల్ హమీద్, బంబా బాక్యా గొంతుల్ని ఏఐతో వాడారు. కుటుంబాల అనుమతి తీసుకుని పారితోషికం ఇచ్చానని చెప్పారు. బాలు గొంతుని అడగకుండా వాడారని ఒక తెలుగు సినిమావాళ్లకు ఆయన కొడుకు చరణ్ నోటీసు పంపాల్సి వచ్చింది. అనుమతి గురించి అందరూ మాట్లాడుతున్నారు గానీ, ఇందులో ఇంకో మనిషి ఉన్నాడు. ఏఐ ఇచ్చేది గొంతు రంగు మాత్రమే. గమకం, విరుపు, ఊపిరి అన్నీ కింద ట్రాకు పాడినవాడివే. పోయినాయన కుటుంబానికి డబ్బిచ్చినట్టే ఇతనికీ ఇవ్వాలి, పేరూ వెయ్యాలి.