ఐటీ సపోర్టు కోర్సుకు డబ్బు కట్టే ముందు: బెంగళూరుకు కొత్తగా వచ్చినవారికి

కదిరి నుంచో మదనపల్లె నుంచో వచ్చి, మారతహళ్లిలో ఏదో ఒక తెలుగు పీజీ హాస్టల్‌లో సంచి పెట్టిన వారం లోపే పిల్లలు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: "అన్నా, కోడింగ్ నా వల్ల కాదు, ఐటీ సపోర్టులోకి పోదామనుకుంటున్నాను, ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చేరమంటారు?" ఉద్యోగుల కంప్యూటర్లకు, నెట్‌కు వచ్చే చిక్కులు తీర్చే ఈ పనినే చాలా ఏళ్లుగా ఇదే ఊళ్లో చేసుకుంటున్నవాడిని కాబట్టి అడుగుతారు. నేను మాత్రం ఏ ఇన్‌స్టిట్యూట్ పేరూ చెప్పను. అక్కడ రోజుకు ఎన్ని గంటలు కంప్యూటరు మీ ఒక్కరి చేతిలో ఉంటుందో ముందు కనుక్కోమంటాను.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. 2011లో, నాన్న వేరుశనగ అమ్మిన డబ్బులోంచి 18,000 రూపాయలు తెచ్చి, బీటీఎం లేఅవుట్‌లో ఒక హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ కోర్సుకు కట్టాను. ముప్పైమందికి ఎనిమిది కంప్యూటర్లు. వాటిలో రెండు ఎన్నడూ ఆన్ అయ్యేవి కావు. మూడు నెలల్లో ముగ్గురు టీచర్లు మారారు. కంపెనీల సర్వర్లను నడిపే విండోస్ సర్వర్ 2008 ఆర్2 వచ్చి ఏడాది దాటినా మాకు పాత 2003నే నేర్పించారు. ఆ తరువాత మొదటి ఇంటర్వ్యూలో ఒకాయన, "ఒక ఉద్యోగికి నెట్ రావడం లేదు, అతని సిస్టం ఐపీ అడ్రస్ 169.254తో మొదలవుతోంది, ఏం చేస్తావు?" అని అడిగితే, నోట్సులో ఉన్న ఐపీ అడ్రస్‌ల రకాలన్నీ ఏకరువు పెట్టాను. ఆయన ఓపికగా విని, "ముందు కేబుల్ చూడవా?" అన్నారు. నెట్‌వర్క్‌లో ప్రతి సిస్టంకూ ఐపీ అడ్రస్ (దాని గుర్తింపు సంఖ్య) ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి జవాబు రానప్పుడు సిస్టం తనకు తానే అలాంటి అడ్రస్ పెట్టుకుంటుందని, అందువల్ల కేబుల్ చూసి, పక్కవారికి నెట్ వస్తోందో లేదో అడిగి, ఐపీకాన్ఫిగ్ అనే కమాండ్‌తో అడ్రస్‌ను రెన్యూ చేయాలని నాకు తెలిసి ఉండవలసింది. ఒక్కసారి సార్ నా ముందు కేబుల్ పీకి చూపించి ఉంటే జన్మలో మరిచిపోయేవాడిని కాదు.

కాబట్టి డెమో క్లాసు చూసి సంతృప్తి పడవద్దు, ఎందుకంటే డెమోకు ఎవరైనా బాగా మాట్లాడే మనిషినే పెడతారు. ఇప్పటికే నడుస్తున్న బ్యాచ్ ల్యాబ్‌లో ఒక గంట కూర్చోనివ్వమని అడగండి. అక్కడ విద్యార్థులు ఉద్యోగుల లాగిన్ ఖాతాలు ఉండే యాక్టివ్ డైరెక్టరీలో లాక్ అయిన అకౌంట్‌ను తెరుస్తూ, ఔట్‌లుక్ ఈమెయిల్ ప్రొఫైల్ కొత్తగా పెడుతూ, బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే వీపీఎన్ ఎందుకు కలవడం లేదో వెతుకుతూ, చేసినదంతా టికెట్‌లో (ఫిర్యాదు రికార్డులో) రాస్తూ కనిపిస్తే అది చేరదగిన చోటు. ఎల్1, అంటే సపోర్టులో మొదటి మెట్టు ఉద్యోగంలో మొదటి ఏడాది మీరు చేసేది చాలావరకు ఇదే. అందరూ స్లైడ్లు రాసుకుంటూ కనిపిస్తే మాత్రం, ఫోన్ నంబరు కూడా ఇవ్వకుండా బయటికి వచ్చేయండి. ఇస్తే ఆరు నెలలు ఫోన్లు చేస్తారు.

అసలు కోర్సుకు ముందే ఒక నెల సొంతంగా ప్రయత్నించడం మంచిదని నా అభిప్రాయం. టౌన్ హాల్ దగ్గరి ఎస్పీ రోడ్డులో పాత ల్యాప్‌టాప్‌లు దొరుకుతాయి. 16 జీబీ ర్యామ్ ఉన్నది చూసి, ఛార్జర్‌తో సహా అక్కడే అరగంట నడిపించి, బేరమాడి తీసుకోండి. దానిలో ఒకే ల్యాప్‌టాప్‌లో మరో కంప్యూటరును నడిపించే, ఉచితంగా దొరికే వర్చువల్‌బాక్స్ వేసుకుని, మైక్రోసాఫ్ట్ 180 రోజుల పరిశీలనకు ఇచ్చే విండోస్ సర్వర్‌ను ఎక్కించి, ఒక డొమైన్ (చిన్న ఆఫీసు నెట్‌వర్క్ లాంటిది) తయారు చేసి, పదిమంది యూజర్లను సృష్టించండి. ఒకరి పాస్‌వర్డ్ మరచిపోయినట్టు, ఇంకొకరి అకౌంట్ లాక్ అయినట్టు మీరే చిక్కులు కల్పించుకుని మీరే విప్పండి. ఈ పని విసుగనిపిస్తే ఫీజు డబ్బు మిగిలినట్టే. ఆసక్తి నిలిస్తే, కోర్సులో మీరు అడిగే ప్రశ్నల స్థాయి పెరుగుతుంది.

సర్టిఫికెట్ల విషయంలో పేరు కంటే పరీక్ష కోడ్ ముఖ్యం. మైక్రోసాఫ్ట్ ఎంసీఎస్ఈ అనే తన సర్టిఫికెట్‌ను 2021 జనవరితోనే ఆపేసినా, ఆ పేరు ఇంకా కొన్ని బోర్డుల మీద వెలుగుతూనే ఉంది. ఐటీ సపోర్టులో మొదటి మెట్టు సర్టిఫికెట్ అయిన కాంప్‌టియా ఏ ప్లస్‌కు రెండు పరీక్షలు రాయాలి. 2025లో 220-1201, 220-1202 అనే కొత్త కోడ్‌లు వచ్చాయి కాబట్టి, ఇంకా పాత 1101 కోడ్ పుస్తకం చేతికిచ్చే చోట డబ్బు కట్టవద్దు. ఆ సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుందని కూడా గుర్తుంచుకోండి. 2018లో వచ్చిన గూగుల్ ఐటీ సపోర్ట్ కోర్సును కోర్సెరా అనే ఆన్‌లైన్ వేదికలో ఇంట్లో కూర్చునే చేయవచ్చు. పునాదికి అది సరిపోతుంది, అయితే దానితోనే ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. సిస్కో ఇచ్చే సీసీఎన్ఏ సర్టిఫికెట్ నెట్‌వర్క్ వైపు వెళ్లదలచినవారికి. అది మొదటి నెలలోనే ఎత్తుకోవలసిన బరువు కాదు.

ఇక "నూటికి నూరు శాతం ఉద్యోగం" అన్న బోర్డుల సంగతి. కోచింగ్ ప్రకటనలలో ఇలాంటి హామీలు ఇవ్వకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. అంతకంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది: "మూడేళ్ల అనుభవం పెట్టిస్తాం, నెల జీతం ఇస్తే చాలు" అని చెవిలో చెప్పే దొంగ అనుభవం బేరం. ప్రతి ఉద్యోగికీ ఒక్కటే ఉండే పీఎఫ్ నంబరు, అంటే యూఏఎన్ ఖాతాలో ఏ సంస్థలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానారో కనబడుతుంది. చాలా కంపెనీలు దానిని, జీతం స్లిప్పులను, బ్యాంకు స్టేట్‌మెంట్‌ను పక్కపక్కన పెట్టి చూస్తాయి. మా పీజీలోనే ఉన్న ఒకతను చేరిన నాలుగో నెలలో ఇలా దొరికిపోయి, ఐడీ కార్డు సెక్యూరిటీ దగ్గర వదిలి వచ్చాడు. ఫ్రెషర్‌గా తక్కువ జీతానికి చేరడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

చివరగా డబ్బు సంగతి. ఫీజు మొత్తం ఒకేసారి కట్టవద్దు. రెండు మూడు విడతలు అడగండి, ఒప్పుకోనివారు ఎందుకు ఒప్పుకోవడం లేదో ఆలోచించండి. చెప్పిన ఫీజులో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందో లేదో ముందే తేల్చుకుని, ప్రతి విడతకూ జీఎస్టీ నంబరున్న రసీదు తీసుకోండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో ఆ రసీదు మీదో, వాట్సాప్‌లోనో రాతపూర్వకంగా తీసుకోండి. తరువాత మాట మార్చితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినప్పుడు వారు మొదట అడిగేది ఆ కాగితాలనే. 2011లో నా దగ్గర ఉన్నది ఒక తెల్ల కాగితం ముక్క, దాని మీద పెన్నుతో "18000 రిసీవ్డ్" అన్న రాత, కింద సంతకం కూడా లేదు.