కామర్స్ చదువుతూనే మనుషుల అక్రమ రవాణాపై పని చేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ కామర్స్ ఆఖరి సంవత్సరంలో ఉంది. మనుషుల అక్రమ రవాణాను ఆపే పనిలోకి వెళ్తానంటోంది. బాధితులను విడిపిస్తే సరిపోదట, అసలు డిమాండే తగ్గాలట. అందుకని కామర్స్ వదిలేసి సోషల్ వర్క్‌లో చేరతానంటోంది. రైడ్లు, బెదిరింపులు తలుచుకుంటే మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పమంటారు?

జవాబు: డిమాండ్ గురించి ఆమె చెప్పింది నిజమే. ఐక్యరాజ్యసమితి 2000లో ఆమోదించిన పలెర్మో ప్రోటోకాల్ కూడా, దోపిడీకి ఊతమిచ్చే డిమాండ్‌ను తగ్గించాలని దేశాలకు చెబుతోంది. కానీ అందుకోసం కామర్స్ ఎందుకు వదిలేయాలో నాకు అర్థం కాలేదు.

డిమాండ్ అనగానే చాలామందికి సెక్స్ వ్యాపారమే గుర్తొస్తుంది. స్వీడన్ 1999 నుంచి కొనేవాళ్లనే శిక్షిస్తోంది, అమ్ముకునేవాళ్ల జోలికి పోదు. తర్వాత నార్వే, ఫ్రాన్స్ అదే బాట పట్టాయి. దీనివల్ల పని చాటుకు పోయి ప్రమాదం పెరుగుతుందని సెక్స్ వర్కర్ల సంఘాలు చాలావరకు వ్యతిరేకిస్తున్నాయి. ఈ వైపు వెళ్లాలనుకుంటే లా చదవాలి, లేదంటే పరిశోధన వైపు వెళ్లాలి. రెండు పక్షాల వాదనలూ చదివాకే ఒక అభిప్రాయానికి రమ్మనండి.

ఇంకో డిమాండ్ ఉంది, చౌకగా దొరికే చాకిరీకి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో ఇచ్చిన అంచనా ప్రకారం 2.76 కోట్ల మంది బలవంతపు చాకిరీలో ఉన్నారు. వాళ్లలో 1.73 కోట్ల మంది లైంగిక దోపిడీతో సంబంధం లేని ప్రైవేటు పనుల్లో, అంటే ఫ్యాక్టరీలు, పొలాలు, నిర్మాణాలు, ఇంటిపనుల్లో ఉన్నవాళ్లే. మీ అమ్మాయి చదువు సరిగ్గా ఇక్కడ పనికొస్తుంది.

ఫ్యాక్టరీల్లో కార్మికుల పరిస్థితులను తనిఖీ చేసే సోషల్ ఆడిటర్ పని చూడండి. జీతాల రిజిస్టర్‌లో కోతల కాలమ్ దగ్గర ఆగుతారు. నెలనెలా ఒకే మొత్తం పోతోందంటే, పనిలో చేరినందుకు ఏజెంటుకు పడ్డ అప్పు కింద పోతోందేమో అని అడుగుతారు. హాజరు పట్టీని ఉత్పత్తి లెక్కతో పోలుస్తారు. వలస కార్మికుల పాస్‌పోర్టులు ‘భద్రంగా’ ఆఫీసు బీరువాలో ఉన్నాయంటే, తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుంటారు.

అయితే ముందే కబురు పెట్టి వెళ్లే ఆడిట్లు చాలాసార్లు తూతూమంత్రంగా ముగుస్తాయి. నన్నడిగితే, డిమాండ్‌ను తగ్గించే అసలు కుర్చీ పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. ధర కోసేసి, గడువు సగానికి తగ్గించి ఆర్డరిస్తే, ఆ సరుకు ఇంకెవరో ఊరూపేరూ లేని సబ్‌కాంట్రాక్టర్ షెడ్డులోనే తయారవుతుంది. ఆ రేటుకి, ఆ గడువుకి ఎంతమంది ఎన్ని గంటలు పనిచేయాలో లెక్క తేల్చి చూపించగలిగేది కామర్స్ తెలిసిన మనిషే.

చట్టాలూ అటే తోస్తున్నాయి. బ్రిటన్ 2015 చట్టం 3.6 కోట్ల పౌండ్లు, ఆపైన టర్నోవర్ ఉన్న కంపెనీలను, ఇలాంటి చాకిరీని ఆపడానికి ఏం చేశాయో ఏటా ప్రకటన ఇవ్వమంటోంది. బలవంతపు చాకిరీతో తయారైన సరుకును యూరోపియన్ యూనియన్ 2027 డిసెంబరు నుంచి తన మార్కెట్లో నిషేధిస్తోంది. బ్యాంకుల్లో మనీ లాండరింగ్ నిరోధక విభాగాలూ ఉన్నాయి. పదిమంది జీతం ఖాతాలకు ఒకే ఫోన్ నంబరు, ఒకే చిరునామా ఉండి, జీతం పడగానే మొత్తం ఒకేచోటికి పోతుంటే పట్టుకునేది వాళ్లే. ఈ దారికి క్యామ్స్ (మనీ లాండరింగ్ నిరోధక నిపుణులకిచ్చే) సర్టిఫికెట్, ఆడిట్ దారికి ఎస్‌ఏ8000 (పనిచోట కార్మికుల హక్కులపై అంతర్జాతీయ ప్రమాణం) శిక్షణ ఉపయోగపడతాయి. ముందు డిగ్రీ పూర్తి చేసి, ఏదో ఒకదాంట్లో ఇంటర్న్‌షిప్ చేయమనండి.

రైడ్లు పోలీసుల పని, ఈ ఉద్యోగాల్లో ఆ అవసరం రాదు. బాధితులతో నేరుగా కూర్చుని పనిచేయాలన్నదే ఆమె కోరికైతే మాత్రం సోషల్ వర్కే సరైన చదువు, ఆపకండి. కాకపోతే ఆ కథలు రోజూ వినడం మనసును నలిపేస్తుంది. సిబ్బందికి కౌన్సెలింగ్ ఏర్పాటు ఉన్న సంస్థలోనే చేరాలి.

కంపెనీ ఉద్యోగమైతే ఇంటర్వ్యూలో ఆమే ఒక ప్రశ్న అడగాలి: ‘ఆడిట్‌లో తప్పు దొరికిన సప్లయర్‌కి ఆర్డర్ ఆపే అధికారం ఎవరికుంది?’ సూటిగా జవాబు రాకపోతే, జీతం ఎంత బాగున్నా ఇంకోచోట ప్రయత్నించమనండి.