అబ్బాయికి రెండు రోజులు, మావయ్యగారికి పదకొండు రోజులు

ప్రశ్న: డాక్టరమ్మగారికి నమస్కారం. మాది విశాఖపట్నం కూర్మన్నపాలెం. మావయ్యగారికి డెబ్భై రెండేళ్లు, స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. కనుమ నాడు సాయంత్రం పొట్టలో ఏదోలా ఉందన్నారు. మినపగారెలు రెండు ఎక్కువ తిన్నారులే అనుకున్నాం. వాము నమిలారు, గ్యాస్ మాత్ర వేసుకున్నారు. మూడో రోజుకి చలిజ్వరం వచ్చి మనిషి వాడిపోతే ఆస్పత్రికి తీసుకెళ్లాం. అపెండిక్స్ పగిలి చీము పట్టిందన్నారు. చిన్న కన్నాలు పెట్టి చేస్తామని మొదలుపెట్టి, మధ్యలో పొట్ట కోసి చేశారు. తర్వాత కుట్టు దగ్గర చీము పట్టింది. రెండో రాత్రి "కంపెనీ బస్సు వచ్చేసింది, నైట్ షిఫ్టుకి టైమైపోయింది" అంటూ లేచి సెలైన్ పీకేసుకున్నారు. మొత్తం పదకొండు రోజులు ఉన్నాం. మూడేళ్ల కిందట మా అబ్బాయికి పంతొమ్మిదో ఏట ఇదే ఆపరేషన్ అయింది. రెండో రోజే ఇంటికి పంపేశారు, పదో రోజు కాలేజీకి వెళ్లిపోయాడు. ఒకే ఆపరేషన్‌కి ఇంత తేడా ఏమిటి? ఆస్పత్రివాళ్లు సరిగ్గా చెయ్యలేదా? ఈ వయసులో కోయించడమే తప్పని మా ఆడపడుచు ఇప్పటికీ నన్ను అంటోంది.

(ఈ ఉత్తరం చివర వేరే చేతిరాతలో ఒక వాక్యం ఉంది: "సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్లొచ్చా? ఇట్లు, పేషెంటు." దాని సంగతి చివర్లో చూద్దాం.)

జవాబు: అమ్మా, ముందు మీ ఆడపడుచు మాట. పగిలి పొట్టలో చీము పట్టాక, "వయసైంది, కోయించొద్దు" అని ఇంటికి తెచ్చుకుని ఉంటే ఈ ఉత్తరంలో చివరి వాక్యం ఉండేది కాదు. ఆవిడకి ఈ పేజీ చూపించండి.

ఇక మీ ప్రశ్న. అబ్బాయికీ తాతగారికీ జరిగింది ఒకే ఆపరేషన్ అనుకుంటున్నారు. పేరు ఒకటే, ఆపరేషన్లు రెండు. అపెండిక్స్ అంటే పెద్దపేగు మొదట్లో వేలాడే చిన్న గొట్టం. అబ్బాయికి తీసింది వాచిన అపెండిక్స్. తాతగారికి తీసింది పగిలిన అపెండిక్స్, దాంతోపాటు పొట్ట లోపలంతా కడగాలి. ఒకటి పొయ్యి మీద పొంగబోతున్న పాలు దించడం, రెండోది పొంగిపోయాక వంటిల్లు కడగడం. పాలు ఎందుకు పొంగాయి అన్నదే అసలు ప్రశ్న.

అబ్బాయికి నొప్పి వచ్చిన రోజు గుర్తు తెచ్చుకోండి. మొదట బొడ్డు చుట్టూ వచ్చి, కొన్ని గంటలకి కుడివైపు కిందకి దిగి ఉంటుంది. అన్నం వద్దని ఉంటాడు, వాంతి చేసుకుని ఉంటాడు, ముట్టుకోబోతే చెయ్యి విదిలించుకుని ఉంటాడు. 1889లో చార్లెస్ మెక్‌బర్నీ అనే న్యూయార్క్ సర్జన్ పొట్ట మీద చూపించిన చోటు సరిగ్గా అదే. ఇప్పటికీ మేం మొదట నొక్కి చూసేది అక్కడే. పది నుంచి ముప్ఫై ఏళ్ల లోపు వాళ్లలోనే ఈ జబ్బు ఎక్కువ. వాళ్లలో ఇలా పుస్తకంలో రాసినట్టు వస్తుంది కాబట్టి వీధి చివరి డాక్టరు కూడా పట్టేస్తాడు.

డెబ్భై దాటినవాళ్లలో ఆ పుస్తకం పనిచెయ్యదు. పొట్ట కండరాలు పలచబడి ఉంటాయి, లోపల మంట ఉన్నా పైన చెక్కలా బిగుసుకోవు. జ్వరం రావచ్చు, రాకపోవచ్చు. రక్తపరీక్షలో తెల్లకణాలు పెరగాలని రూలేమీ లేదు. పన్నెండేళ్ల షుగర్ ఉంటే నొప్పి ఇంకా మొద్దుబారుతుంది. పైగా ఆ వయసుకి అపెండిక్స్ గోడ పలచబడి, దానికి రక్తం తెచ్చే నాళం సన్నబడి ఉంటుంది కాబట్టి త్వరగా పగులుతుంది. అంటే నొప్పి చెప్పేది తక్కువ, లోపల జరిగేది ఎక్కువ. దీనికి మన ఇళ్లలో పెద్దవాళ్ల అలవాటు ఒకటి తోడవుతుంది. పండగ పూట పిల్లల్ని ఇబ్బంది పెట్టకూడదని "నాకేటీ అవలేదు, కాసింత వాంపొడి ఇయ్యండి" అంటారు. అందుకే అరవై అయిదు దాటినవాళ్లలో చాలాచోట్ల దాదాపు సగం మందికి ఆపరేషన్ బల్ల మీదకి వచ్చేసరికే అది పగిలి ఉంటుంది.

మీరు మూడు రోజులు ఆగినందుకు మిమ్మల్ని తిట్టబోవడం లేదు. తిట్టే అర్హత నాకు లేదు. మా అమ్మకి డెబ్భై నాలుగో ఏట ఇదే వచ్చింది. అప్పటికి నేను ఇరవై ఏళ్లుగా సర్జన్ని. పెదవాల్తేరులో ఒకే ఇంట్లో ఉంటున్నాం. డ్యూటీ నుంచి వచ్చేసరికి అమ్మ కాఫీ వద్దంది. జీవితంలో కాఫీ వద్దన్న మనిషి కాదు. పొట్ట నొక్కి చూశాను, మెత్తగానే ఉంది. గ్యాస్ మాత్ర ఒకటి ఇచ్చి పడుకున్నాను. మర్నాడు సాయంత్రం నా తోటి సర్జన్ ఆపరేషన్ చేస్తే పగిలే ఉంది. కోలుకున్నాక మా అమ్మ వచ్చినవాళ్లందరితోనూ ఒకటే మాట: "ఊళ్లో అందరి పొట్టలూ కోస్తుంది, ఇంట్లో పొట్ట పట్టించుకోదు." అప్పటి నుంచి అరవై దాటినవాళ్లు పొట్టనొప్పి అంటే, అది ఎంత చిన్నదైనా, పూట దాటి ఉంటే స్కాన్ లేకుండా వదల్లేదు నేను. అల్ట్రాసౌండ్‌లో దొరక్కపోతే సీటీ స్కాన్. సీటీకి రంగు మందు ఎక్కించే ముందు క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చూసుకుంటారు, ఈ వయసులో కిడ్నీల సంగతి తెలియాలి కదా.

ఆస్పత్రి తప్పేమైనా ఉందా అన్నారు. మీరు రాసిన దాన్ని బట్టి నాకు కనపడలేదు. కన్నాలతో మొదలుపెట్టి మధ్యలో పొట్ట తెరవడం ఓటమి కాదు. చీముతో పేగులు ఒకదానికొకటి అతుక్కుపోయి దారి కనపడనప్పుడు, పట్టుదలకి పోకుండా తెరిచేవాడే మంచి సర్జన్. నిజానికి పెద్దవాళ్లకి కన్నాల పద్ధతే మేలు. కుట్టు చీము పట్టడం తక్కువ, ఇంటికి త్వరగా వెళ్తారు. కుదిరితేనే మరి. పగిలిన అపెండిక్స్, దానికి షుగర్ తోడైనప్పుడు కుట్టు చీము పట్టడం మేం ఎదురుచూసేదే.

కంపెనీ బస్సు సంగతికి మీరు భయపడి ఉంటారు. పెద్దవాళ్లకి హఠాత్తుగా పెద్ద ఆపరేషన్ జరిగాక ఇది తరచూ చూస్తాం. మతిమరుపు జబ్బు కాదు, పిచ్చి అంతకంటే కాదు. జ్వరం, మత్తు, నిద్ర లేకపోవడం, పగలో రాత్రో తెలియని గది, అన్నీ కలిసి చేసే పని. చాలామందిలో కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. ఎవరికైనా ఇలా అవుతుంటే కళ్లజోడు, చెవి మిషను తిరిగి పెట్టండి, ఎదురుగా గోడ గడియారం ఉండేలా చూడండి, రాత్రి తెలిసిన మొహం ఒకటి పక్కన ఉండాలి. "బస్సు లేదు, ఏమీ లేదు" అని వాదించకండి. "ఈ రోజు వీక్లీ ఆఫ్ మావయ్యగారూ" అనండి, పడుకుంటారు.

వయసు ఒక్కటే అడ్డమా అంటే కాదు. పడుచువాళ్లకి పగలకముందే తీస్తే ప్రాణాపాయం వెయ్యికి ఒకటి కంటే తక్కువ. అరవై అయిదు దాటి, పగిలాక తీస్తే నూటికి కొందరి లెక్కకి వస్తుంది. కానీ ఆ లెక్కలో వయసు కంటే ఆలస్యం, గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీలు ఎక్కువ బరువు తూగుతాయి. మత్తు డాక్టరు పుట్టిన సంవత్సరం కంటే ముందు అడిగేది, "ఆగకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలరా?" అని. ఎక్కే ఎనభై ఏళ్లాయన, ఎక్కలేని అరవై ఏళ్లాయన కంటే బాగా లేస్తాడు.

పొట్ట కోయించుకోవడానికి వెనకాడటం రాజులకీ తప్పలేదు. 1902లో బ్రిటన్ రాజు ఏడో ఎడ్వర్డ్‌కి అరవయ్యేళ్లు. పట్టాభిషేకం జూన్ 26న. అపెండిక్స్ చీము పట్టినా వాయిదా వెయ్యనని మొండికేశాడు. సర్జన్ ఫ్రెడరిక్ ట్రీవ్స్ పట్టుబట్టి జూన్ 24న చీము మాత్రం తీసి, అపెండిక్స్ జోలికి పోకుండా వదిలేశాడు. ఆగస్టు 9న పట్టాభిషేకం జరిగింది, ఆ తర్వాత దాదాపు ఎనిమిదేళ్లు బతికాడు. 1923లో తెరిచిన మన విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జి ఆస్పత్రి) పేరులో ఉన్న జార్జి రాజు ఈయన కొడుకే. ఎడ్వర్డ్ ఆపరేషన్ నాటికి యాంటీబయాటిక్ మందులే లేవు, మీ మావయ్యగారికి అంతకంటే చాలా ఉన్నాయి.

ప్రశ్న: వయసు 46, మధురవాడ. అపెండిక్స్ గడ్డ కట్టిందని ఆపరేషన్ చెయ్యకుండా యాంటీబయాటిక్స్‌తో తగ్గించారు. రెండు నెలలైంది, బాగానే ఉన్నాను. ఇప్పుడు కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) చేయించుకోమంటున్నారు. డబ్బు కోసమా?

జవాబు: కాదు, చేయించుకోండి. నలభై దాటాక అపెండిక్స్‌లా కనపడేది ఒక్కోసారి పక్కనున్న పెద్దపేగు మొదట్లో గడ్డ కావచ్చు, అపెండిక్స్‌లోనే కణితి ఉండొచ్చు. అరుదే, కానీ ఇరవై ఏళ్లవాడి కంటే మీకు ఆ అవకాశం ఎక్కువ. 2020 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా మీలా గడ్డ కట్టి మందులతో తగ్గిన, నలభై దాటినవాళ్లకి కొలనోస్కోపీ, మళ్లీ ఒక సీటీ చేయించమనే చెప్తున్నాయి. ఇంకొక మాట. అదే ఏడాది అమెరికాలో వచ్చిన పెద్ద పరిశోధనలో, మందులతో సరిపెట్టినవాళ్లలో మూడు నెలల లోపే పదిమందిలో ముగ్గురికి ఆపరేషన్ తప్పలేదు. నొప్పి మళ్లీ వస్తే సోమవారం దాకా ఆగకండి.

ప్రశ్న: మా పాపకి నాలుగేళ్లు. అంత చిన్నపిల్లలకి కూడా అపెండిక్స్ వస్తుందా? (భీమిలి నుంచి ఒక తల్లి)

జవాబు: అరుదుగా వస్తుంది, వస్తే తాతగారి లాగే త్వరగా పగులుతుంది. పేగుల ముందు వేలాడే కొవ్వు పొర ఒకటుంటుంది. ఎక్కడ చీము పడితే అక్కడికి వెళ్లి చుట్టేస్తుందని సర్జన్లు దాన్ని పొట్టలో పోలీసు అంటారు. పిల్లల్లో ఆ పోలీసింకా ఎదగలేదు. విరేచనాలు కూడా అవడంతో ఏదో తిని పడలేదనుకుంటాం. ఒంటికాలి మీద గెంతమనండి. రోజూ గెంతే పిల్ల పొట్ట పట్టుకుని గెంతనంటే పిల్లల డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. ఆముదం మాత్రం పట్టకండి.

ఇక మొదటి ఉత్తరంలోని పేషెంటుగారూ, మిమ్మల్ని మర్చిపోలేదు. గిరి ప్రదక్షిణ వచ్చే ఆషాఢ పౌర్ణమికి మీ ఆపరేషన్ అయ్యి ఆరు నెలలవుతుంది. ఒకసారి దగ్గి, కుట్టు దగ్గర చెయ్యి పెట్టి చూసుకోండి. చీము పట్టిన కుట్టు కాబట్టి హెర్నియా, అంటే కుట్టు వదులై లోపలి పేగు పైకి ఉబ్బడం, వచ్చే వీలుంది. ఉబ్బు తగిలితే ముందు సర్జన్‌కి చూపించండి. లేకపోతే కుట్టు వల్ల అడ్డం లేదు. అడ్డమల్లా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, షుగరున్న కాళ్లు. చెప్పుల్లేకుండా తారురోడ్డు మీద నడుస్తానంటే నేను ఒప్పుకోను. దెబ్బ తగిలినా మీకు తెలియదు, అసలు మీ పొట్టనొప్పే మీకు తెలియలేదు. ఇప్పటి నుంచి రోజూ సాయంత్రం అరగంట నడవండి, పది రోజులకొకసారి పది నిమిషాలు పెంచండి. ఆ రోజు కొండ కింద తొలిమెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, మెత్తటి బూట్లతో దారిలో వచ్చే హనుమంతవాక దాకా నడవండి. అక్కడ మీ మనవణ్ణి బండితో ఉండమనండి. ఓపికుంటే ముందుకి, లేకపోతే బండెక్కండి.